విదేశీ ఆసుపత్రిలో స్వచ్ఛంద సేవ: చదువుకోవడానికి వెళ్లే విద్యార్థి చేయదగిన పని ఏది?

ప్రశ్న: కావలి విద్యార్థిని

అందరికీ నమస్కారం. మాది కావలి దగ్గర ఒక పల్లె. బి.ఫార్మసీ పూర్తి చేశాను. ప్రజారోగ్యంలో పీజీ చేయడానికి అమెరికాలో సీటు వచ్చింది; ఆగస్టులో బయలుదేరాలి. నాన్నగారు రొయ్యల సాగు చేస్తారు. చెరువుల మీద నమ్మకం పెట్టుకోలేక నా చదువుకు బ్యాంకు రుణం తీసుకున్నారు కాబట్టి, అక్కడ నేను గడిపే ప్రతి గంటకూ విలువ ఉండాలని నా పట్టుదల.

విశ్వవిద్యాలయం వాళ్లు పంపిన సమాచారంలో, దగ్గరలోని ఆసుపత్రిలో విద్యార్థులు స్వచ్ఛంద సేవ చేయవచ్చని ఉంది. నాకు చాలా ఇష్టంగా ఉంది. నాన్నగారు మాత్రం, జీతం రాని పని ఎందుకమ్మా, ఆ సమయంలో క్యాంపస్‌లోనే ఏదైనా పని చూసుకుంటే ఖర్చులకైనా వస్తుంది కదా అంటున్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది.

ఇంకో విషయం కూడా ఉంది. అమెరికా వెళ్లేలోపు తూర్పు ఆఫ్రికాలోని ఒక దేశంలో నాలుగు వారాలు ఆసుపత్రి సేవకు తీసుకువెళ్తామని, ధ్రువపత్రం కూడా ఇస్తామని ఒక ఏజెన్సీ వాళ్లు చెబుతున్నారు. ఫీజు లక్షల్లో ఉంది. అలా వెళ్లివచ్చిన ఒక అమ్మాయి తాను రోగులకు ఇంజెక్షన్లు చేస్తున్న ఫోటోలు చూపించింది. ఆమె చదివింది బయోటెక్నాలజీ.

ఆసుపత్రిలో స్వచ్ఛంద సేవకులు నిజంగా చేసే పని ఏమిటి, విద్యార్థి వీసాకు ఏమైనా అడ్డు వస్తుందా, ఈ రెండు అవకాశాల్లో దేనికైనా వెళ్లడం మంచిదా అన్న విషయాలు అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


సమాధానం: చీమకుర్తి వాసి, ప్రస్తుతం అమెరికాలో

నమస్కారం అమ్మా. నేను ఇక్కడ పీజీ చదువుతూనే, మా విశ్వవిద్యాలయానికి దగ్గరలో ఉన్న ఒక ఆసుపత్రిలో వృద్ధుల వార్డులో స్వచ్ఛంద సేవకుడిగా పనిచేశాను. మీరు అడిగిన మొదటి ప్రశ్నకు కొంచెం విపులంగానే రాస్తాను, ఎందుకంటే ఆ పని ఏమిటో తెలిస్తే మిగతా సందేహాలు చాలావరకు తీరిపోతాయి.

మన ఒంగోలులోనైనా నెల్లూరులోనైనా ఒక మనిషి ఆసుపత్రిలో చేరితే వెంట ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఒకరు మంచం పక్కన కూర్చుంటారు, ఒకరు మందులకు పరుగెత్తుతారు, ఇంటి నుంచి క్యారియర్ వస్తుంది. రోగికి నీళ్లు తాగించడం, నాలుగడుగులు నడిపించడం, కళ్లజోడు తీసి ఇవ్వడం మన దగ్గర ఎవరికీ పనిగా కూడా కనిపించవు. ఇక్కడ చాలామంది వృద్ధుల పిల్లలు వేరే రాష్ట్రాల్లో ఉంటారు; వచ్చినా ఒక పూట ఉండి వెళ్తారు. నర్సుకు చూసుకోవలసిన రోగులు చాలామంది. ఆ మంచం పక్కన ఖాళీగా మిగిలిన కుర్చీలో కూర్చునేవాడే స్వచ్ఛంద సేవకుడు.

దీన్ని ఏదో పుణ్యకార్యంగా వర్ణించడానికి చెప్పడం లేదు. దీని వెనుక గట్టి వైద్యశాస్త్రం ఉంది. నిన్నటిదాకా స్పష్టంగా మాట్లాడిన డెబ్బై అయిదేళ్ల మనిషి, తుంటి ఎముక ఆపరేషన్ జరిగిన రెండో రాత్రో మూడో రాత్రో, తానెక్కడున్నదీ తెలియక, చేతికి పెట్టిన సెలైన్ గొట్టం లాగేసుకుని, లేని మనుషులతో మాట్లాడవచ్చు. దీన్నే డెలీరియం అంటారు. మన ఇళ్లలో ‘వయసు మీద పడింది, మతి తప్పింది’ అనుకుని వదిలేసే పరిస్థితి ఇదే. నిద్ర చెడిపోవడం, మంచం దిగకపోవడం, కళ్లజోడు లేక మనుషులు ఆనకపోవడం, వినికిడి యంత్రం సొరుగులో ఉండిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, అంతకుముందే జ్ఞాపకశక్తి కొంత మందగించి ఉండడం దీనికి దారితీస్తాయి. యేల్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ షారన్ ఇనోయే బృందం ఈ కారణాలను ఒక్కొక్కటిగా ఎదుర్కొనేందుకు ఒక పద్ధతిని రూపొందించింది. డెబ్బై ఏళ్లు, ఆపైన వయసున్న 852 మంది రోగులతో చేసిన అధ్యయనం ఫలితాలు 1999లో వెలువడ్డాయి: మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో డెలీరియం 15 శాతం మందికి వస్తే, ఈ పద్ధతి పాటించినవారిలో 9.9 శాతం మందికే వచ్చింది. ఆ పద్ధతిని నడిపించేది నిపుణులైన నర్సులు, వైద్యులే అయినా, రోజువారీ పనిలో పెద్ద భాగం శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులది. గోడ మీది బోర్డుపై ఆనాటి తేదీ, నర్సు పేరు రాసి రోగికి చదివి వినిపించడం, భోజనం దగ్గర కూర్చోవడం, నర్సు అనుమతి ఉన్నవారిని వరండాలో నడిపించడం, రాత్రి నిద్రమాత్రకు బదులు వేడి పాలో మూలికల టీయో ఇచ్చి, మెల్లని సంగీతం పెట్టి, వీపు నిమరడం ఇందులో ఉన్నాయి.

నేను పనిచేసిన వార్డు కూడా ఇంచుమించు ఇదే పద్ధతిలో నడిచేది. అక్కడ ఒకసారి మన తెలుగు పెద్దావిడ ఒకరు చేరారు. రోగుల వివరాలు బయట చెప్పకూడదన్న కట్టుబాటు నాకు ఇప్పటికీ వర్తిస్తుంది కాబట్టి ఆమె ఊరు, జబ్బు రాయను. ఆవిడ నీళ్లు సరిగా తాగడం లేదని నర్సు చెబితే వెళ్లి చూశాను. పక్కనున్న చెంబు నిండా ఐసు ముక్కలు. ఇక్కడి ఆసుపత్రుల్లో నీళ్లంటే ఐసు నీళ్లే. ఆవిడకేమో జబ్బులో చల్లనీళ్లు తాగితే రొంప పడుతుందని చిన్ననాటి నుంచి ఉన్న నమ్మకం. ఎవరినీ నొప్పించడం ఇష్టం లేక, ఇచ్చిన ప్రతిసారీ తల ఊపి పక్కన పెట్టేశారట. నర్సును అడిగి గోరువెచ్చని నీళ్లు తెప్పిస్తే ఆ పూటే రెండు గ్లాసులు తాగారు. ‘చల్లనీళ్లు వద్దు, వేడినీళ్లు ఇవ్వాలి’ అన్న మాట ఆ తర్వాత బోర్డు మీదికి ఎక్కింది.

అదే ఆవిడకు ఆపరేషన్ గురించి డాక్టరు వివరించేటప్పుడు మాత్రం నేను మధ్యలో మాట్లాడలేదు. భాష వచ్చు కదా అని స్వచ్ఛంద సేవకుడు వైద్య విషయాలు అనువదించకూడదు. దానికి అర్హత ఉన్న దుబాసీలు ఫోను మీదో వీడియోలోనో దొరుకుతారు, తెలుగుకు కూడా. ఒక్క మాట తప్పు చెబితే సంతకం పెట్టే మనిషి తాను ఒప్పుకోనిదానికి సంతకం పెట్టినట్లవుతుంది. ఇది కఠినమైన నియమంలా కనిపించినా, మన అమ్మానాన్నలు పిల్లల్ని చూడడానికి వచ్చి ఇక్కడ జబ్బు పడిన సందర్భాలు ఊహించుకుంటే ఆ నియమం ఎవరి మేలు కోసమో అర్థమవుతుంది.

ఇక చేయకూడనివి. మందు ఇవ్వకూడదు. పడిపోయే ప్రమాదం ఉందని గుర్తు పెట్టిన రోగిని, ఆయన ఎంత బతిమాలినా, నర్సు లేకుండా మంచం దించకూడదు. అంటువ్యాధి జాగ్రత్తల బోర్డు ఉన్న గదిలోకి వెళ్లకూడదు. ఫోటోలు తీయకూడదు, ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో కూడా రోగి గురించి రాయకూడదు. రోగుల వివరాల గోప్యతను కాపాడే 1996 నాటి హిపా చట్టం గురించి చేరినప్పుడే శిక్షణ ఇస్తారు.

వీసా సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎఫ్-1 విద్యార్థికి చదువు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు జీతం పని చేసే వీలుంది. లాభాపేక్ష లేని ఆసుపత్రిలో, ఎవరూ జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకు పని అనుమతి అవసరం లేదు. అయితే మామూలుగా జీతం ఇచ్చి చేయించే పనిని మీ చేత ఉచితంగా చేయిస్తే అది సేవ కిందికి రాదు, వీసాకు చిక్కు వస్తుంది. కాబట్టి విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి పని వివరాలు చూపించి, వాళ్ల జవాబును మెయిల్‌లో ఉంచుకోండి.

నాన్నగారికి మీరు చెప్పవలసింది, ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కావని. క్యాంపస్ పని వెతుక్కోండి, అది తప్పనిసరి. మొదటి సెమిస్టరు మాత్రం చదువుకే వదిలిపెట్టి, తరగతులు కుదుటపడ్డాక వారానికి ఒక పూట ఆసుపత్రికి వెళ్లండి. ప్రజారోగ్యం చదివే మీరు రేపు లెక్కల పట్టికలో ‘డెలీరియం’ అన్న గడి నింపేటప్పుడు దాని వెనుక ఉన్న మనిషిని చూసి ఉండడం ఎంత అవసరమో నేను వేరే చెప్పనక్కర్లేదు.


సమాధానం: ఆత్మకూరు అక్క, ఇంగ్లండులో స్టాఫ్ నర్సు

చెల్లెమ్మా, పై తమ్ముడు సేవకుడి వైపు నుంచి రాశారు. నేను వార్డు నడిపేవాళ్ల వైపు నుంచి కొన్ని మాటలు చెబుతాను. మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు. ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో నర్సుగా చేస్తున్నాను.

మా దగ్గర స్వచ్ఛంద సేవకుల అవసరం ఎక్కువగా కనిపించేది భోజనం వేళ. తనంతట తాను తినలేని రోగికి చాలా ఆసుపత్రుల్లో ఎర్ర పళ్లెంలో భోజనం పెడతారు. ఆ ఎర్ర రంగు చూడగానే, ఈ మనిషికి సాయం కావాలి, పళ్లెం నిండుగా ఉంటే ఆకలి లేదనుకుని తీసేయకూడదు అని అందరికీ తెలియాలి. పక్షవాతం వచ్చిన పెద్దాయన చేతికి చెంచా అందించి, ఆయన నమిలి మింగేదాకా తొందరపెట్టకుండా కూర్చోవడానికి అరగంట పట్టవచ్చు. ఆ అరగంట మాకు దొరకదు. ఓపికగల విద్యార్థి ఆ అరగంట ఇస్తే, ఆ రోజు ఆయన కడుపునిండా తిన్నట్టు.

కానీ ఇందులో ఒక ప్రమాదం ఉంది, దయచేసి గుర్తుంచుకోండి. మింగడం కష్టమైనవారికి నీళ్లలో కూడా చిక్కదనం కోసం పొడి కలిపి ఇస్తాం. అలాంటి మనిషి దాహం అని అడిగాడని జాలిపడి మామూలు నీళ్లు ఇస్తే అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా రావచ్చు. దాహం అన్నవాళ్లకు నీళ్లివ్వడం మన రక్తంలోనే ఉంది. ఇక్కడ మాత్రం నర్సును అడగకుండా ఒక్క గుక్క కూడా ఇవ్వకూడదు.

మంచం దగ్గరికి వెళ్లగానే మీ పేరు చెప్పండి. కేట్ గ్రాంజర్ అనే వైద్యురాలు తానే క్యాన్సర్‌తో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, తన దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది పేరు కూడా చెప్పకపోవడం గమనించి, 2013లో ‘నమస్కారం, నా పేరు ఫలానా’ అని చెప్పి మొదలుపెట్టే ఉద్యమం తెచ్చారు. ఆమె 2016లో చనిపోయినా ఆ అలవాటు ఇక్కడి వార్డుల్లో నిలిచింది. మీ యాస గురించి భయపడకండి. నిదానంగా, ముఖం కనపడేలా నిలబడి మాట్లాడితే వినికిడి తగ్గిన పెద్దవాళ్లకు కూడా అర్థమవుతుంది. అవతలివాళ్లను ఎలా పిలవాలో వాళ్లనే అడగండి. మనకు తాతగారిలా కనిపించినా ఆయనకు తన ఇంటిపేరుతో పిలిపించుకోవడమే ఇష్టం కావచ్చు.

తమ్ముడి మాటలో ఒకదానితో మాత్రం ఏకీభవించను. మొదటి సెమిస్టరు అయ్యేదాకా ఆగమన్నారు. పని మొదలుపెట్టడానికి ఆగండి కానీ దరఖాస్తుకు ఆగకండి. మా దగ్గరైతే నేరచరిత్ర తనిఖీ, ఆరోగ్య పరీక్షలు, శిక్షణ అన్నీ ముగిసేసరికి వారాలు గడిచిపోతాయి; అమెరికాలో కూడా కాగితాల పని తక్కువేమీ కాదని విన్నాను. అంతేకాక, కొత్త దేశంలో మొదటి చలికాలం పిల్లలను బాగా కుంగదీస్తుంది. వారానికి ఒక్కసారైనా మీ కోసం ఎదురుచూసే మనుషులు ఉండడం మీకూ మేలు చేస్తుంది.

ఇది చదివే ఇంగ్లండు విద్యార్థుల కోసం ఒక మాట: ఇక్కడి విద్యార్థి వీసా నియమాలు స్వచ్ఛంద సేవను వేరుగా, జీతం లేని ఉద్యోగాన్ని వేరుగా చూస్తాయి. ఒప్పందం రాసుకుని, ఫలానా వేళకు తప్పక రావాలని కట్టడి చేసే జీతం లేని పని మీ వారపు పని గంటల్లోకి లెక్కకు వస్తుంది. చేరేముందు కాలేజీలో అడిగి తెలుసుకోండి.


సమాధానం: దర్శి ప్రాంత వైద్యుడు

అమ్మా, ఏజెన్సీ విషయం గురించి ఎవరూ గట్టిగా చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. వెళ్లవద్దు.

బయోటెక్నాలజీ చదివిన అమ్మాయి ఒంగోలులో ఎవరికైనా ఇంజెక్షన్ చేస్తే మనం ఊరుకుంటామా? ఊరుకోము. మరి అక్కడి తల్లి, అక్కడి బిడ్డ ఎందుకు ఊరుకోవాలి? వాళ్లు పేదవాళ్లు కావడం, తెల్లకోటు వేసుకున్న ప్రతి విదేశీయుడూ డాక్టరే అని వాళ్లు నమ్మడం తప్ప ఇంకో కారణం లేదు. శిక్షణ లేని చేతితో తుంటిలో తప్పు చోట సూది గుచ్చితే నరం దెబ్బతిని కాలు చచ్చుబడవచ్చు. నాలుగు వారాల తర్వాత విమానం ఎక్కిన విద్యార్థికి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. అమెరికా వైద్య కళాశాలల సంఘం 2011లోనే విద్యార్థులు విదేశాల్లో రోగులకు చికిత్స చేయడంపై మార్గదర్శకాలు ఇచ్చింది. స్వదేశంలో చేయడానికి శిక్షణ, అనుమతి లేని పనిని పరాయి దేశంలోనూ చేయకూడదన్నది వాటి సారాంశం. అలాంటి ఫోటోలు దరఖాస్తుకు బలం చేకూర్చకపోగా చెడు చేస్తాయి. అక్కడి ఆసుపత్రులను నేను తక్కువ చేయడం లేదు. అక్కడ పనిచేసే వైద్యులు, నర్సులు తక్కువ వనరులతో నడుపుకొస్తున్నవారు. వాళ్లకు భాష రాని, పని రాని అతిథిని చూసుకోవడం అదనపు భారం.

విదేశాల్లో ఎంబీబీఎస్ చదువుతున్న మన పిల్లలు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి ఒక వివరం. 2021 నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఆపైన అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి, తిరిగి వచ్చాక ఇక్కడ మరో 12 నెలలు చేయాలి. సెలవుల్లో చేసే స్వచ్ఛంద సేవ గంటలు వీటిలో దేనికీ సరిపెట్టడానికి కుదరదు. ధ్రువపత్రం పనికొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఆ లక్షలు మిగుల్చుకుని, వెళ్లేలోపు ఒంగోలు రిమ్స్‌లోనో నెల్లూరు సర్వజన ఆసుపత్రిలోనో సూపరింటెండెంటు గారిని కలిసి, లిఖితపూర్వక అనుమతితో కొన్నాళ్లు గడపండి. పశ్చిమ పల్లెల నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన ముసలాయన ఓపీ చీటీ ఎక్కడ తీసుకోవాలో, రక్తపరీక్ష గది ఏ వైపో, ఆరోగ్యశ్రీ కౌంటరులో ఏ కాగితం చూపాలో తెలియక మధ్యాహ్నందాకా తిరుగుతూనే ఉంటాడు. ఆయన చీటీ చదివి చేయి పట్టుకుని సరైన గుమ్మం దాకా తీసుకెళ్లడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు.

ప్రజారోగ్య విద్యార్థిగా మీరు ఇంకొకటి చూసి వెళ్లాలి. మా దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు 1970 వరకు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. అప్పటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లో రాసిన వ్యాసం మన దేశంలో ఈ జబ్బుపై వచ్చిన తొలి వైద్య రచనల్లో ఒకటి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏళ్ల తరబడి దాటిన నీళ్లు తాగిన మనిషికి వెన్నెముక బిగిసిపోయి, మెడ తిప్పాలన్నా ఒళ్లంతా తిప్పాలి. అలాంటి మనిషి పక్కన కూర్చుని, తల వెనక్కి వాల్చలేని ఆయనకు గ్లాసు ఎలా పట్టాలో నేర్చుకుంటే, చీమకుర్తి అబ్బాయి రాసిన వార్డులో మీరు మొదటి రోజు నుంచే పనికొస్తారు.


కావలి విద్యార్థిని

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మీ సమాధానాలన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ఏజెన్సీ వాళ్లకు రావడం లేదని చెప్పేశాం. ఐసు నీళ్ల సంగతి విని అమ్మ, ఆ పెద్దావిడ ఇంటికి క్షేమంగా వెళ్లారా అని అడుగుతోంది. వచ్చే వారం నెల్లూరు ఆసుపత్రిలో అనుమతి కోసం కలుస్తున్నాను.

డాక్టరు గారికి ఒక్క సందేహం. అమెరికా ఆసుపత్రి పంపిన పట్టికలో టీబీ పరీక్ష, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకా), ఆటలమ్మ టీకా, హెపటైటిస్-బి అడిగారు. నాకు చిన్నప్పుడు పీహెచ్‌సీలో వేసిన టీకాల కార్డు దొరకడం లేదు. ఏ వరుసలో చేయించుకోవాలి?


సమాధానం: చీమకుర్తి వాసి

అమ్మగారికి చెప్పండి, ఆవిడ నడుచుకుంటూనే వార్డు దాటి వెళ్లారు. ఆ మాత్రం చెప్పడం వల్ల కట్టుబాటుకు భంగం కలగదనుకుంటాను.


సమాధానం: దర్శి ప్రాంత వైద్యుడు

కార్డు దొరకకపోయినా కంగారు లేదు. టీకాలు కొత్తగా వేయించుకుని ఆ వివరాలు రాయించుకోవచ్చు, లేదా రక్తంలో రక్షణ ఉందో లేదో పరీక్ష చేయించి ఆ నివేదిక చూపవచ్చు. మీ చిన్నప్పటి ప్రభుత్వ పట్టికలో తట్టుకు టీకా ఉండేది కానీ గవదబిళ్లలకు, ఆటలమ్మకు లేదు. కాబట్టి ఆ రెండూ మీకు పడి ఉండకపోవడానికే అవకాశం ఎక్కువ. ఎంఎంఆర్ రెండు మోతాదులు కనీసం 28 రోజుల ఎడంతో, ఆటలమ్మ టీకా కూడా రెండు మోతాదులు కనీసం నాలుగు వారాల ఎడంతో వేయించుకోవాలి. ఈ రెండింటినీ ఒకే రోజు వేయించుకోవచ్చు. ఒకే రోజు కుదరకపోతే మధ్యలో 28 రోజులు ఆగాలి. హెపటైటిస్-బి మామూలు పద్ధతిలో మూడు మోతాదులకు ఆరు నెలలు పడుతుంది కాబట్టి మొదటి రెండూ ఇక్కడ వేయించుకుని మూడోది అక్కడ వేయించుకోండి.

టీబీ పరీక్షే అన్నిటికన్నా ముందు చేయించండి. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు బతికి ఉన్న క్రిములతో చేసినవి. అవి వేసిన వెంటనే టీబీ పరీక్ష చేస్తే ఫలితం తప్పుగా లేదని రావచ్చు. అందుకే టీకా రోజునే రక్తం ఇవ్వాలి, లేదా నాలుగు వారాలు ఆగాలి. చర్మం మీద చేసే పరీక్ష కాకుండా ఇగ్రా అనే రక్తపరీక్ష అడగండి, ఎందుకంటే పుట్టగానే మనందరికీ వేసే బీసీజీ అనే టీబీ టీకా వల్ల చర్మపరీక్ష ఉబ్బి లేనిపోని అనుమానం పుట్టిస్తుంది. ఇగ్రాలో ఉందని వచ్చినా భయపడకండి; ఛాతీ ఎక్స్‌రే బాగుండి, దగ్గు, జ్వరం లాంటి లక్షణాలు లేకపోతే అది నిద్రాణంగా ఉన్న టీబీ, ఇంకొకరికి అంటదు, ఆసుపత్రి వాళ్లకు ఆ కాగితం చూపిస్తే సరిపోతుంది. ప్రతి మోతాదుకూ టీకా పేరు, బ్యాచ్ నంబరు, తేదీ ఇంగ్లీషులో రాయించి డాక్టరు సంతకం, ముద్ర వేయించుకోండి. అసలు కాగితాలు చేతి సంచిలోనే పెట్టుకోండి, పెద్ద పెట్టెలో వేయవద్దు.